ఒంటిగంట అన్నం బెల్లు

జిల్లా పరిషత్ హైస్కూల్లో అన్నం బెల్లు తీరే వేరు. పీరియడ్ మారితే రెండు మూడు దెబ్బలు, ఇంటర్వెల్‌కి కాస్త ఎక్కువ. ఒంటిగంటకి మాత్రం వరండా దూలానికి వేలాడే రైలుపట్టా ముక్కని అటెండరు ఇనప కడ్డీతో ఆపకుండా మోగించేవాడు. ఆ లాంగ్ బెల్లు పూర్తయ్యేలోపే తొమ్మిది, పది తరగతుల వాళ్ళు సగం మంది గేటు దగ్గర ఉండేవాళ్ళు. ఇల్లు ఊళ్ళోనే ఉంటే తప్ప ఆరు, ఏడు, ఎనిమిది వాళ్ళకి గేటు దాటే వీల్లేదు. పెద్ద తరగతుల వాళ్ళకి ఉండేది. ఎనభైల్లో, తొంభైల్లో కృష్ణా, గోదావరి జిల్లాల ప్రభుత్వ హైస్కూళ్ళలో చదివినవాళ్ళని ఎవరిని కదిపినా ముందు చెప్పేది గేటు దాటి బయట గడిపిన ఆ అన్నం గంటసేపు గురించే. ఇప్పుడది దాదాపు పోయింది. పోవడం వల్ల జరిగిన మేలు చాలా పెద్దది. పోగొట్టుకున్నది కూడా కొంత ఉంది. ఆ రెంటినీ వివరంగా రాసి పెట్టుకోవాలి, ఎందుకంటే ఈ విషయం మీద మాట్లాడేవాళ్ళు సాధారణంగా ఒకటి చెప్పి రెండోది వదిలేస్తారు.

టైం టేబుల్ ఇలా నడిచేది. 9:45కి మొదటి బెల్లు, ప్రార్థన, పదికి హాజరు. పది నుంచి ఒంటిగంట దాకా నాలుగు పీరియళ్ళు, మధ్యలో పది నిమిషాల ఇంటర్వెల్. రెండు నుంచి నాలుగున్నర దాకా మళ్ళీ క్లాసులు. ఊరిని బట్టి పావుగంట అటూ ఇటూ ఉండేది గానీ అన్నానికి గంట అన్నది చాలా బళ్ళలో మామూలు. 1:50కి ఒక బెల్లు, రెండింటికి రెండో బెల్లు. బయటికి వెళ్ళినవాళ్ళకి అసలు పనికొచ్చేది ఆ 1:50 బెల్లే. చేతికి వాచీ ఉన్న పిల్లలు క్లాసుకి ఒకరో ఇద్దరో. రైలుపట్టా మోత ఎంత దూరం వినిపిస్తే అంత దూరమే తిరగాలన్నది రాయని కట్టుబాటు. గాలి వాలుని బట్టి అది ఒక్కో రోజు కాస్త పెరిగేది, కాస్త తగ్గేది.

దూరం లెక్క ప్రతి పిల్లవాడికీ కంఠతా వచ్చేది. మామూలు నడకన కిలోమీటరుకి పన్నెండు నిమిషాలు. ఇల్లు కిలోమీటరున్నర దూరంలో ఉంటే పోను పద్దెనిమిది, రాను పద్దెనిమిది, ముప్పయ్యారు నిమిషాలు నడకకే పోతాయి. మిగిలిన ఇరవై నాలుగు నిమిషాల్లో కాళ్ళు కడుక్కుని, కంచం ముందు కూర్చుని, తిని, చెయ్యి కడుక్కుని బయల్దేరాలి. వంట పూర్తయి ఉంటేనే ఇది కుదురుతుంది. అమ్మ పొలానికి వెళ్తే అన్నం వార్చి ఉట్టి మీదో, గిన్నె మీద బరువు పెట్టో ఉంచి వెళ్ళేది. వడ్డించుకోవడం, మిగిలింది మూత పెట్టడం, పొయ్యి గదిలో పిల్లి దూరకుండా తలుపు గొళ్ళెం వేయడం, ఇవన్నీ ఆ ఇరవై నాలుగు నిమిషాల్లోనే. రెండు కిలోమీటర్లు దాటితే నడిచి ఇంటికి వెళ్ళడం దండగ. సైకిలుంటే నాలుగు కిలోమీటర్ల దాకా వెళ్ళి రావచ్చు: ఎండలో, గతుకుల రోడ్డు మీద ఇరవై నిమిషాలు పోను, ఇరవై రాను.

సైకిలుతో వచ్చిన చిక్కు పంక్చరు. పంక్చరు పడితే ఆ పూట అంతే. ట్యూబు బయటికి లాగి, గాలి కొట్టి, నీళ్ళ బేసిన్‌లో ముంచి బుడగ ఎక్కడ వస్తుందో చూసి, అక్కడ ఆకురాయితో గరుకు చేసి, సొల్యూషన్ రాసి, అది చేతికి అంటుకోనంత ఆరాక ముక్క అతికించాలి. ఆ ఆరడానికే నాలుగైదు నిమిషాలు. "బాబాయ్, తొందరగా, బెల్లు కొట్టేస్తారు" అని వెంటపడితే తడి మీదే అతికించి ఇచ్చేవాడు. ఆ ముక్క సాయంత్రం ఎండకి వేడెక్కిన రోడ్డు మీద ఊడి వచ్చేది. తెలిసినవాళ్ళు సైకిలు షాపులోనే వదిలేసి బడికి నడిచిపోయేవాళ్ళు, సాయంత్రం తీసుకునేవాళ్ళు.

పక్క ఊళ్ళ నుంచి వచ్చేవాళ్ళది క్యారేజీ బతుకు. మూడు గిన్నెల స్టీలు క్యారేజీ ఉన్నవాళ్ళు కలిగినవాళ్ళు కింద లెక్క. చాలామందికి ఒకటే సత్తు డబ్బా. సత్తు డబ్బాలో పులుసు కూర పెట్టకూడదని ప్రతి ఇంట్లోనూ తెలుసు: చింతపండు పులుపు లోపలి సత్తుని తింటుంది, ఐదు గంటల తర్వాత మూత తీస్తే కూర రుచి మారిపోయి ఉంటుంది. అందుకే పప్పో, వేపుడో, పచ్చడో. పులుసు తప్పదంటే చిన్న స్టీలు గిన్నెలో పోసి ఆ డబ్బాలోనే అన్నంలో గుచ్చి పెట్టేవాళ్ళు. మూడు గిన్నెల క్యారేజీలోనైనా పలచటిది అడుగు గిన్నెలోనే, అదీ ముప్పావు వంతుకి మించకుండా. నిండా పోస్తే సైకిలు హ్యాండిల్‌కి వేలాడి ఊగే ఊపుకి తొణికి పుస్తకాల సంచీ తడుస్తుంది. ఇంగ్లీషు రీడరు అట్ట మీద పసుపు మరకలు లేని క్యారేజీ పిల్లవాడు అరుదు.

పెరుగన్నం కట్టడంలో ఒక పద్ధతి ఉంది, ఇప్పుడు ఆఫీసుకి డబ్బా కట్టుకునేవాళ్ళకీ పనికొస్తుంది. పొద్దున్నే పెరుగు కలిపి కడితే ఎండాకాలం మధ్యాహ్నానికి నోట్లో పెట్టుకోలేనంత పులిసిపోతుంది. అందుకని అన్నం మెత్తగా వండి, కాస్త మెదిపి, వేడి తగ్గి గోరువెచ్చగా అయ్యాక, గోరువెచ్చని పాలు అన్నం మునిగి పైన ఒక వేలు మందం తేలేలా పోసి, ఒక చెంచా పెరుగు మాత్రమే కలిపి మూత పెట్టాలి. ఏడున్నరకి కలిపితే ఒంటిగంటకి కమ్మగా తోడుకుని ఉంటుంది. పాలు ఎక్కువ పోయమనేది ఎందుకంటే, దారిలో అన్నం పాలని పీల్చేసుకుంటుంది. తక్కువ పోస్తే గడ్డ కట్టి, ముద్ద గొంతు దిగదు. అన్నం పొగలు కక్కుతుండగా తోడు వేస్తే పెరుగు చచ్చిపోతుంది, తోడుకోదు, డబ్బా తీసేసరికి పాలన్నం వాసనేసి ఉంటుంది. చలికాలం చల్లటి పాలు పోసినా అదే పరిస్థితి, అందుకే మార్గశిరంలో తోడు చెంచాన్నర. ఉప్పు మాత్రం తినేముందే. కాగితం పొట్లంలో చిటికెడు ఉప్పు, డబ్బా మూత లోపలి వైపున ఒక ఊరిన మాగాయ ముక్క. ఇంత చేస్తేనే ఆ మధ్యాహ్నం తిండి తిండిలా ఉండేది.

క్యారేజీ వాళ్ళు బడి లోపలే తినొచ్చు. అయినా పెద్ద తరగతుల వాళ్ళు డబ్బా పట్టుకుని గేటు దాటేవాళ్ళు, నీళ్ళ కోసం. చాలా బళ్ళలో ఒకటే బోరింగు. మూడు నాలుగు వందల మంది ఒకేసారి చెయ్యి కడుక్కోవాలంటే, ఒకడు కొడుతుంటే ఒకడు పట్టుకోవాలంటే, పావుగంట అక్కడే అయిపోతుంది. కాలవ గట్టు మీద మర్రిచెట్టు కిందో, రామాలయం అరుగు మీదో, పంచాయతీ కుళాయి దగ్గరో కూర్చుంటే ఆ బాధ లేదు. అరుగు మీద తిన్నవాళ్ళు మెతుకు మిగలకుండా తుడిచి నీళ్ళు చల్లి రావాలి. ఒక్కరోజు చల్లకపోతే మర్నాడు పూజారి గారు హెడ్మాస్టరు గదిలో కూర్చుని ఉంటారు.

డబ్బులున్న రోజు బజారు. హోటలు వాళ్ళకి అన్నం బెల్లు ఎంత ముఖ్యమో పిల్లలకి తెలిసేది కాదు గానీ, వాళ్ళ రెండో విడత పొయ్యి దాని ప్రకారమే వెలిగేది. పొద్దున ఇడ్లీకి రుబ్బిన పిండి పదింటికి మిగిలితే ఆ వేడికి పన్నెండుకల్లా పులుస్తుంది, ఇక ఇడ్లీకి పనికిరాదు. అందులో కాస్త బియ్యప్పిండి కలిపి గట్టిచేసి, ఉల్లిపాయ, పచ్చిమిర్చి, జీలకర్ర వేస్తే పునుగుల పిండి. నూనె కాగిందో లేదో ఒక చుక్క వేసి చూస్తారు: వెంటనే పైకి తేలితే సరి, అడుగున కూర్చుని నెమ్మదిగా లేస్తే ఇంకా కాగలేదు. కాగని నూనెలో వేస్తే పునుగు నూనె తాగి పిసికితే కారుతుంది, ఆ రోజు తిన్నవాడికి మధ్యాహ్నం సోషల్ క్లాసు మొత్తం పుల్లటి త్రేన్పులే. 12:55కి మొదటి వాయి వేస్తే బెల్లుకి సరిగ్గా గిన్నె నిండుతుంది. పొట్లం కట్టేది పాత పరీక్ష పేపర్లలో. పక్క స్కూలు ఆరు నెలల పరీక్షల జవాబులు పునుగులతో పాటు చదవడం దొరికేది, ఎవరికెన్ని మార్కులు పడ్డాయో సహా.

మిర్చి బజ్జీ కాస్త ఖరీదు. మిరపకాయ నిలువునా చీరి గింజలు తీసి వాము, ఉప్పు, చింతపండు గుజ్జు కూరిన బండి వాడి దగ్గరే జనం ఉండేవాళ్ళు. గింజలు తియ్యని బండి దగ్గర ఒకసారి తిన్నవాడు మళ్ళీ వెళ్ళడు. గేటు బయట గంప పెట్టుకుని కూర్చునే మామ్మల సరుకు కాలాన్ని బట్టి మారేది: వానాకాలం ఉడకబెట్టిన వేరుశనక్కాయలు, కార్తీకంలో ఉసిరికాయలు, సంక్రాంతి రోజుల్లో తేగలు, రేగుపళ్ళు, ఆ తర్వాత చింతకాయ, మామిడి పిందెలు. జామకాయకి ఉప్పూ కారం అద్ది ఇవ్వడం ఉచితం. పావలా అప్పుడు నిజమైన డబ్బు, దానితో పని జరిగేది. 2011 జూన్ 30తో ఆ నాణెం చెల్లకుండా పోయింది.

గోలీ సోడా తాగడం ఎవరైనా నేర్పితేనే వచ్చేది. సీసా మెడ దగ్గర ఒక వైపున లోపలికి నొక్కినట్టు రెండు గుంటలు ఉంటాయి. గోలీని చెక్క పుడకతో లోపలికి నొక్కి కొట్టాక, ఆ గుంటలున్న వైపు కిందికి వచ్చేలా సీసా వంచాలి. అప్పుడు గోలీ జారి వచ్చి ఆ గుంటల దగ్గర ఆగిపోతుంది, సోడా ధారగా వస్తుంది. తిప్పి పట్టుకుంటే గోలీ మూతికి అడ్డం పడి చుక్క రాదు, చొక్కా మాత్రం తడుస్తుంది. ఎనిమిదో తరగతి నుంచి తొమ్మిదికి వచ్చిన జూన్ నెలలో ఎవరు కొత్తగా గేటు దాటారో సోడా బండి దగ్గర ఇట్టే తెలిసిపోయేది.

ఇక్కడిదాకా తీపి. చేదు కూడా చెప్పాలి. గేటు దాటినవాళ్ళందరూ తినడానికే వెళ్ళారనుకుంటే పొరపాటు. ఇంటికి వెళ్తున్నానని చెప్పి ఇంటికి వెళ్ళని పిల్లలు ప్రతి క్లాసులోనూ ఉండేవాళ్ళు. ఇంట్లో పొద్దున వండలేదు, అమ్మానాన్నా కూలికి పోయారు, సాయంత్రం వాళ్ళు వచ్చి బియ్యం తెస్తేనే పొయ్యి వెలుగుతుంది. అలాంటి పిల్లవాడు అందరితో పాటు గేటు దాటి, రెండు వీధులు తిరిగి, పంచాయతీ కుళాయి దగ్గర కడుపు నిండా నీళ్ళు తాగి, లైబ్రరీ అరుగు మీద కూర్చుని, 1:50 బెల్లుకి అందరితో పాటు లోపలికి వచ్చేవాడు. తిన్నావా అంటే తిన్నానని చెప్పేవాడు. ఆ అబద్ధం చెప్పుకునే వీలుని ఇచ్చింది కూడా ఆ తెరిచిన గేటే. మధ్యాహ్నం మూడింటికి బల్ల మీద తల పెట్టుకున్న పిల్లవాణ్ణి నిద్రపోతున్నాడని నిలబెట్టిన మాస్టార్లు ఎంతోమంది. కొందరు మాత్రం కనిపెట్టేవాళ్ళు. బడి నుంచి సంక్షేమ హాస్టల్‌కి వెళ్ళి అన్నం తిని వచ్చే పిల్లలు ఇంకో జట్టు. వాళ్ళకి అన్నం ఉండేది, కానీ హాస్టల్ దూరమైతే వాళ్ళ గంటంతా నడకకే, క్యూలో పళ్ళెం పట్టుకుని నిలబడటానికే సరిపోయేది.

ఆడపిల్లల సంగతి వేరే. వాళ్ళు మధ్యాహ్నం ఇంటికి పరిగెత్తడానికి అన్నం ఒక్కటే కారణం కాదు. బళ్ళలో మరుగుదొడ్లు లేవు, ఉన్నవాటికి తలుపో నీళ్ళో లేదు. పొద్దున పదింటి నుంచి నీళ్ళు తాగకుండా కూర్చుని, ఒంటిగంటకి ఇంటికి వెళ్ళి వస్తే సాయంత్రం దాకా గడుస్తుంది. ఇల్లు దూరమైన ఆడపిల్ల ఊళ్ళో స్నేహితురాలి ఇంటికి వెళ్ళేది, వాళ్ళమ్మని పిన్నీ అని పిలుస్తూ. ఆ ఇల్లు కూడా లేకపోతే నెలలో కొన్ని రోజులు బడి మానేసేది, కొందరు పది పూర్తికాకుండానే మానేశారు. బజారుకి వెళ్ళి పునుగులు తినే స్వేచ్ఛ ఆడపిల్లలకి ఏ హెడ్మాస్టరూ ఇచ్చింది లేదు, ఊరూ ఒప్పుకునేది కాదు. మగపిల్లల జ్ఞాపకాల్లో ఉన్న ఆ గంట, ఆడపిల్లల జ్ఞాపకాల్లో నలుగురు కలిసి తలొంచుకుని వేగంగా నడిచిన రోడ్డు. ప్రతి బడిలో ఆడపిల్లలకి విడిగా మరుగుదొడ్డి ఉండాలని ప్రభుత్వాలు గట్టిగా పూనుకున్నది 2014 తర్వాతే.

ఇక దారి తప్పే సంగతులు. మొదటిది మ్యాట్నీ. టూరింగ్ టాకీసులోనైనా పర్మనెంట్ హాల్లోనైనా ఆట రెండున్నరకి, బడి రెండింటికి. ఆ అరగంట తేడా చాలా ఇళ్ళలో తన్నులకి మూలం. దీన్ని పట్టుకోవడానికే మధ్యాహ్నం హాజరు. రిజిస్టరులో పొద్దున ఒక ఏటవాలు గీత, మధ్యాహ్నం దాన్ని కోస్తూ ఇంకో గీత. రెండూ ఉంటేనే ఆ రోజు పూర్తి. ఒంటి గీత మిగిలినవాడు మర్నాడు పొద్దున నాన్నని తీసుకురావాలి. కొందరు హెడ్మాస్టర్లు మధ్యాహ్నం హాజరుని ఐదో పీరియడ్ మొదట్లోనే, అదీ లెక్కల మాస్టారి చేత వేయించేవాళ్ళు, ఆయన రెండో బెల్లుకి గుమ్మంలో ఉంటారు కాబట్టి. ఆరో పీరియడ్‌లో హాజరు వేసే బడిలో ఆలస్యంగా వచ్చినవాళ్ళు వెనక కిటికీలోంచి సర్దుకునేవాళ్ళు, బెల్లుకి విలువ ఉండేది కాదు.

రెండోది కాలవ, దానితో పోలిస్తే సినిమా ఏపాటి. ఎండాకాలంలో కాలవలు కట్టేస్తారు, మోకాలి లోతు కూడా ఉండదు. పిల్లలు అప్పుడు ఎక్కడ దిగాలో అలవాటు చేసుకుంటారు. బళ్ళు తెరిచే రోజులకి పైనుంచి నీళ్ళు వదులుతారు, అదే రేవులో నిలువు లోతు, కింద లాగే వడి, లాకుల దగ్గర సుడి. ఈత పూర్తిగా రాకుండా, నలుగురి ఎదుట వెనక్కి తగ్గలేక దిగడం వల్లే పిల్లలు పోయారు. కాలవ పక్క బళ్ళలో జూన్ నుంచి మొదటి నెల రోజులు పెద్ద తరగతుల వాళ్ళనీ బయటికి వదిలేవాళ్ళు కాదు. రేవు దగ్గర చాకలి బండ మీద బట్టలుతికేవాళ్ళు, లాకు సూపర్‌వైజరు కేకలేసి పంపేసేవాళ్ళు. అసలు ఆ గంటని కాపు కాసింది వాళ్ళే: హోటలు బాబాయ్, గంప మామ్మ, సైకిలు షాపతను, కిళ్ళీ కొట్టతను. "ఏరా, ఫలానా వాళ్ళబ్బాయివి కదూ, బెల్లు కొట్టి ఎంతసేపైంది?" అని అడిగేవాళ్ళు బజారు పొడుగునా ఉండేవాళ్ళు. కిళ్ళీ కొట్టులో పిల్లాడికి సిగరెట్టు అమ్మితే ఆ సాయంత్రమే వాళ్ళ నాన్న వచ్చి నిలదీస్తాడు. ఊరు ఊరంతా ముఖాలు తెలిసినంత కాలం గేటు తెరిచి ఉంచడం హెడ్మాస్టరుకి భారం కాలేదు.

ముఖాలు తెలియకపోవడం మొదలయ్యాక, రోడ్డు మారాక, అది భారమైంది. చెన్నై–కోల్‌కతా జాతీయ రహదారి, అప్పట్లో అందరం ఐదో నంబరు అనేవాళ్ళం, 2010లో నంబర్లు మార్చాక పదహారు అయింది. అది నాలుగు వరసలయ్యాక రోడ్డుకి ఒక పక్క బడి, రెండో పక్క ఊరు మిగిలిన చోట్లు చాలా ఉన్నాయి. మునుపు ఎడ్లబండి వెనకాలే దాటిన రోడ్డు దాటడానికి డివైడర్ దాకా ఒక పరుగు, అక్కణ్ణించి ఇంకో పరుగు. ఒంటిగంట ఐదుకి రెండొందల మంది పిల్లలు ఒకేసారి పరిగెత్తితే ఏం జరుగుతుందో చెప్పనక్కర్లేదు. అలాంటి బళ్ళలో గేటు ముందుగా మూతపడింది, మూయడమే సరైన పని.

మిగతా బళ్ళలో గేటు మూసింది అన్నం. 2001 నవంబరు 28న సుప్రీంకోర్టు ప్రాథమిక బళ్ళలో వండిన భోజనం పెట్టి తీరాలని ఆదేశించింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2003 జనవరిలో చిన్న తరగతులకి మొదలైంది, తర్వాత పై తరగతులకి వచ్చింది. కేంద్ర పథకం ఎనిమిదో తరగతి దాకానే. తొమ్మిది, పది పిల్లలకి పెట్టే ఖర్చు రాష్ట్రాలే భరిస్తున్నాయి. ఆ నిర్ణయం విలువ లైబ్రరీ అరుగు మీద నీళ్ళు తాగి కూర్చున్నవాడికి తెలుసు. వాళ్ళ తర్వాతి తరం అలా కూర్చోలేదు. పునుగుల కోసం ఎంత బెంగపెట్టుకున్నా ఈ మాట ముందు చెప్పాకే ఆ బెంగ.

ఆ వంట కూడా తేలిక కాదు. ఆరు నుంచి ఎనిమిది తరగతుల పిల్లవాడికి రోజుకి బియ్యం 150 గ్రాములు, పప్పు 30, కూరగాయలు 75, నూనె ఏడున్నర గ్రాములు లెక్క. హైస్కూల్లో రెండొందల మంది తింటే ముప్పై కిలోల బియ్యం, ఆరు కిలోల పప్పు, పదిహేను కిలోల కూరగాయలు. ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళు తొమ్మిదింటికి మొదలుపెడితేనే ఒంటిగంటకి దించగలరు. పప్పు ఉడకకముందే చింతపండు వేస్తే ఎంతసేపు కాచినా పలుకుగానే ఉంటుంది. ముప్పై కిలోలూ ఒకే డేగిసాలో ఎసరు పెడితే అడుగున ముద్ద, పైన బిరుసు, అందుకే రెండు విడతలుగా వండుతారు. వానాకాలం పుల్లలు తడిస్తే పొగే తప్ప మంట ఉండదు, అన్నం గంట ఆలస్యం, ఐదో పీరియడ్ గల్లంతు. ఇంత జాగ్రత్తగా వండాలి కాబట్టే పొద్దున హాజరుకి ఎంతమంది తింటారో కచ్చితంగా తెలియాలి. తొమ్మిది, పది వాళ్ళు కొందరు తిని, కొందరు బజారుకి పోతే ఐదు కిలోల అన్నం మిగిలిపోతుంది. పెద్ద పిల్లల్ని లోపలే ఉంచడానికి ఇదొక గట్టి కారణమైంది.

అమెరికాలో ఉంటున్న మనవాళ్ళ ఇళ్ళలో ఇదే ప్రశ్న ఇప్పుడు వేరే రూపంలో వస్తోంది. అక్కడ కొన్ని హైస్కూళ్ళు పదకొండు, పన్నెండు తరగతుల వాళ్ళని మధ్యాహ్నం బయటికి వదులుతాయి. కాలిఫోర్నియాలో విద్యా చట్టం 44808.5 సెక్షను ప్రకారం అనుమతి ఇచ్చేది స్కూలు డిస్ట్రిక్టు బోర్డు. అలా వెళ్ళిన పిల్లవాడి భద్రతకి గానీ నడవడికి గానీ డిస్ట్రిక్టుది బాధ్యత కాదని అదే సెక్షను చెబుతోంది, ఆ సంగతి తల్లిదండ్రులకి ముందే తెలియజేస్తారు. మనవాళ్ళు సంతకం పెట్టేముందు చూడాల్సింది ఆ వాక్యం. ఇంకొకటి, అక్కడ బయటికి వెళ్ళడమంటే కారు. పద్దెనిమిది నిండని పిల్లలకి ఇచ్చే ప్రొవిజనల్ లైసెన్సు మీద మొదటి పన్నెండు నెలలు, పాతికేళ్ళు దాటిన లైసెన్సుదారు పక్కన లేకుండా ఇరవై ఏళ్ళలోపు వాళ్ళని ఎక్కించుకోకూడదు. అంటే నలుగురు స్నేహితులు ఒక కారులో బర్గరుకి వెళ్ళడం చాలాసార్లు నేరుగా చట్టం తప్పడమే. నలభై నిమిషాల్లో వెళ్ళి, లైన్లో నిలబడి, తిని, పార్కింగు వెతుక్కుని తిరిగి రావాలన్న తొందరలోనే ప్రమాదాలు. నడిచి వెళ్ళి రాగలిగే దూరంలో ఏముందో చూసి, అంతవరకే ఒప్పుకోవడం మేలు.

మన దగ్గర ఇప్పుడు బయట తినే అలవాటు ఎక్కువగా మిగిలింది ఇంటర్ పిల్లలకే. ప్రభుత్వ జూనియర్ కాలేజీల్లో పొద్దున బస్సెక్కి వచ్చి, మధ్యాహ్నం సమోసాతో సరిపెట్టుకుని సాయంత్రం ఇంటికి చేరేవాళ్ళు ఎందరో, రెండు తర్వాత క్లాసులు ఖాళీ అవడానికి అదీ ఒక కారణం. 2025 జనవరి 4 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో ఆ కాలేజీలకీ మధ్యాహ్న భోజనం వచ్చింది, లంకల గన్నవరంలో వచ్చినవాళ్ళందరికీ అన్నం పెట్టిన డొక్కా సీతమ్మ గారి పేరుతో. పేరు సరైనదే పెట్టారు.

భోజనం ఉండగా కూడా పెద్ద పిల్లలకి ఆ గంటలో కొంత తిరిగి ఇవ్వొచ్చు, జాతీయ రహదారీ కాలవా అడ్డం లేని ఊళ్ళలో. ఒక నోటు పుస్తకం చాలు: పేరు, ఎక్కడికి, వెళ్ళిన టైము, వచ్చిన టైము, నాలుగు గళ్ళు. సంవత్సరం మొదట్లో ఇంటివాళ్ళ సంతకం. పదో తరగతి వాళ్ళకి మాత్రమే, వారానికి ఒక రోజు, ఆ రోజు ఎవరు తినరో పొద్దున హాజరప్పుడే వంటవాళ్ళకి లెక్క అందాలి. అబ్బాయిలకి ఇస్తే అమ్మాయిలకీ ఇవ్వాలి, లేదా ఎవరికీ వద్దు. కిలోమీటరు లోపే. పది నిమిషాల ముందు ఒక బెల్లు, రెండో బెల్లుకి గుమ్మంలో నిలబడే మాస్టారు ఒకరు. ఆలస్యంగా వచ్చినవాడికి కొట్టడం తిట్టడం వద్దు, తర్వాతి నెల అనుమతి ఆపితే చాలు. బజారులో ఉన్నవాళ్ళతో హెడ్మాస్టరు గారు ఒక సాయంత్రం స్వయంగా వెళ్ళి మాట్లాడి రావాలి. ఇందులో వదలకూడని పని అదే.